పాత తరం ఫుట్‌బాల్ దిగ్గజానికి గేమ్‌లో రేటింగ్ వేయడం ఎలా?

పాత ఆటగాణ్ని ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఎడిటర్‌లో తయారుచేసి "ఈ అంకెలు సరిపోయాయా?" అని చాలామంది షీట్లు పంపుతుంటారు. దాదాపు అన్నిట్లోనూ ఒకటే జబ్బు: ఫినిషింగ్ 97, డ్రిబ్లింగ్ 96, వేగం 94, హెడింగ్ 92. పైన పేరు చెరిపేస్తే అది హంగరీ పుష్కాషో, బ్రెజిల్ వింగర్ గరించానో, జర్మనీ గెర్డ్ ముల్లరో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మనం పెట్టుకోవాల్సిన పరీక్ష ఒక్కటే. పేరూ ముఖమూ దాచేసి ఆడిస్తే, అతని మ్యాచ్‌లు చూసినవాళ్లు కాసేపటికే గుర్తుపట్టాలి. అందుకు బలాల మీద పెట్టినంత శ్రద్ధ బలహీనతల మీదా పెట్టాలి. ఉదాహరణలకి ఎక్కువగా ఫెరెన్స్ పుష్కాష్‌నే వాడుకుంటాను. స్కేల్ 1 నుంచి 99 అనుకుందాం.

## 1. ఏ ఏడాది ఆటగాడో ముందు తేల్చుకోండి

పుష్కాష్ ఒక్కడు కాదు, ఇద్దరు. 1953లో హంగరీ కెప్టెన్‌గా ఆడినప్పుడు వయసు 26. 1960 యూరోపియన్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ తరఫున నాలుగు గోల్స్ కొట్టినప్పుడు 33. కాళ్లలో వేగం తగ్గింది, ఒళ్లు వచ్చింది, గోల్ ముందు తొందర మాత్రం పూర్తిగా పోయింది. మొదటివాడి కాళ్లు, రెండోవాడి నిదానం కలిపి ఒకే షీట్‌లో వేస్తే, ఏ రోజూ ఏ మైదానంలోనూ ఆడని మనిషి తయారవుతాడు.

షీట్ పైన మొదటి లైన్‌లోనే రాసేయండి: "పుష్కాష్, రియల్ మాడ్రిడ్, 1959–60, వయసు 33." ఒక సీజన్ చాలు. ఫుటేజ్ మరీ తక్కువైతే రెండు సీజన్లు కలపండి. అంతకు మించి వద్దు.

చిన్న వయసులోనే పోయినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు డంకన్ ఎడ్వర్డ్స్ 1958లో 21 ఏళ్లకే చనిపోయాడు. బతికుంటే ఏమయ్యేవాడో అన్న ఊహని రేటింగ్‌లో కలపకండి. గేమ్‌లో "పొటెన్షియల్" అన్న గడి ఉంటే ఆ ఆశంతా అందులో పెట్టుకోవచ్చు.

## 2. ఫుటేజ్: గోల్స్ వీడియోలు చివర చూడండి

గోల్స్ సంకలనాల్లో బంతి పోగొట్టుకున్న క్షణాలు ఉండవు. వాటితోనే రేటింగ్ వేస్తే ప్రతివాడూ 95 అవుతాడు, అందులో ఆశ్చర్యమేమీ లేదు. చూడాల్సిన వరుస ఇది:

- పూర్తి మ్యాచ్‌లు. కనీసం మూడు, అందులో ఒకటి అతని జట్టు ఓడినదై ఉండాలి.
- మ్యాచ్‌లోని పొడవాటి భాగాలు.
- ఆనాటి మ్యాచ్ రిపోర్టులు, ప్రత్యర్థులు చెప్పిన మాటలు.
- గోల్స్ వీడియోలు.
- అభిమానుల జ్ఞాపకాలు.

పుష్కాష్ విషయంలో మనం అదృష్టవంతులం. 1960 ఫైనల్, గ్లాస్గోలో రియల్ మాడ్రిడ్ 7–3తో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌ని ఓడించిన మ్యాచ్, పూర్తిగా దొరుకుతుంది. 1939లో చనిపోయిన ఆస్ట్రియా ఫార్వర్డ్ మథియాస్ సిండెలార్ లాంటివాళ్ల విషయంలో అంత వీలుండదు. అప్పుడు ప్రతి అంకె పక్కన ఒక గుర్తు పెట్టండి: వీడియోలో చూసింది "క", రిపోర్టుల్లో చదివింది "ఖ", ఊహించింది "గ". షీట్‌లో సగానికి పైగా "గ" ఉంటే 90 దాటే అంకెలు వేయకండి.

రిపోర్టుల విషయంలో నా లెక్క ఇదీ: పొగడ్తని సగానికి కోయండి, లోపం చెబితే పూర్తిగా నమ్మండి. దిగ్గజంలో తప్పు పట్టడానికి విలేకరికి ఏదో ఒకటి కంటపడే ఉంటుంది.

## 3. వీడియో వేగం సరిచూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. పాత మూకీ ఫిల్మ్‌ని సెకనుకు 16, 18 ఫ్రేములతో తీసి, తర్వాత 24తో నడిపితే ఆటగాళ్లంతా గిలకల్లా పరిగెడతారు. ఆ వేగం చూసి స్ప్రింట్ స్పీడ్‌కి 95 వేస్తే మనం రేటింగ్ ఇచ్చింది ప్రొజెక్టర్‌కి.

సరిచూసే పద్ధతి సులువే. గోల్‌పోస్టుల దగ్గర బంతి పైకి లేచి, క్రాస్‌బార్ ఎత్తులో ఒక్క క్షణం ఆగినట్టయి, కిందికి పడే దృశ్యం వెతకండి. క్రాస్‌బార్ ఎత్తు 2.44 మీటర్లు. అంత ఎత్తు నుంచి నేల తాకడానికి సుమారు 0.7 సెకను పడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది 17 లేదా 18 ఫ్రేములు. మీ లెక్కలో 12 వచ్చిందంటే వీడియో దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా నడుస్తోంది. ప్లేయర్‌లో వేగం తగ్గించుకుని మళ్లీ మొదలుపెట్టండి.

వేగం సరయ్యాక మైదానం గీతలే టేపు. పెనాల్టీ ఏరియా లోతు 16.5 మీటర్లు, సెంటర్ సర్కిల్ అడ్డంగా 18.3 మీటర్లు. అప్పటికే పరుగులో ఉన్న ఆటగాడు 16.5 మీటర్లు 2 సెకన్లలో దాటితే గంటకు దాదాపు 30 కిలోమీటర్ల వేగం.

ఇంత లెక్క వద్దనుకుంటే అదే వీడియోలో ఉన్న ఇంకొకడితో పోల్చండి. 1960 ఫైనల్లో ఎడమ వింగ్‌లో ఫ్రాన్సిస్కో హెంటో ఉన్నాడు, ఆ కాలపు అతి వేగవంతుల్లో ఒకడు. హెంటోకి 95 అనుకుని, అతని పక్కన పుష్కాష్ ఎంత వెనకపడుతున్నాడో చూడండి. ఫిల్మ్ ఎంత వేగంగా నడిచినా ఇద్దరికీ ఒకేలా నడుస్తుంది కాబట్టి ఈ పోలిక తప్పు పోదు.

## 4. ముందు వాక్యాలు రాయండి, అంకెలు తర్వాత

ఒక్కో మ్యాచ్‌ని మూడుసార్లు చూడండి. మొదటిసారి బంతి అతని దగ్గర ఉన్నప్పుడు. రెండోసారి బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడు, ఎటు కదులుతున్నాడు. మూడోసారి తప్పులు మాత్రమే: పోయిన పాసులు, ఓడిన హెడర్లు, వెనక్కి పరిగెత్తని సందర్భాలు. ఒక్క అంకె కూడా వేయకుండా నోట్‌బుక్‌లో వాక్యాలే రాయండి.

ఒక క్లిప్ నుంచి ఎంత తీసుకోవాలో, ఎంత తీసుకోకూడదో చూద్దాం. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ 6–3తో ఇంగ్లండ్‌ని ఓడించిన మ్యాచ్‌లో పుష్కాష్ కొట్టిన గోల్ మీరు చూసే ఉంటారు. గోల్‌కి కుడివైపు, దగ్గర్లో బంతి అందుతుంది. ఇంగ్లండ్ కెప్టెన్ బిల్లీ రైట్ ట్యాకిల్‌కి దూసుకొస్తాడు. పుష్కాష్ ఎడమ బూటు అడుగుతో బంతిని వెనక్కి లాగుతాడు. రైట్ ఖాళీ చోటుకి జారిపోతాడు. అదే ఎడమ కాలు, వెనక్కి పెద్దగా ఊపకుండానే, బంతిని దగ్గరి పోస్టు వైపు కొట్టేస్తుంది.

ఈ క్లిప్‌లో సాక్ష్యం ఉన్నవి: బాల్ కంట్రోల్, బ్యాలెన్స్, కంపోజర్ (ఒత్తిడిలో నిదానం), ఫినిషింగ్. బూటు అడుగుతో లాగడం కూడా ఉంది, దాన్ని స్కిల్ మూవ్‌గా పెట్టుకోండి.

సాక్ష్యం లేనివి: యాక్సిలరేషన్, ఎందుకంటే అతను దాదాపు నిలబడే ఉన్నాడు. పరుగులో డ్రిబ్లింగ్, అదే కారణం. షాట్ పవర్ కూడా, అంత దగ్గర్నుంచి ఎవరు కొట్టినా బలంగానే కనిపిస్తుంది. పైగా బంతి కుడివైపున ఉన్నా పని మొత్తం ఎడమ కాలే చేసిందన్నది వీక్ ఫుట్ (అలవాటు లేని కాలు) గడికి చిన్న సాక్ష్యం.

అందమైన గోల్ చూడగానే ఆరు గడులు ఒకేసారి పెంచేయాలనిపిస్తుంది. చేతులు కట్టుకుని కూర్చోండి.

## 5. కాలం తేడాని ఒక్కసారే లెక్కలోకి తీసుకోండి

పాత ఆటలో ఏం వేరుగా ఉండేదో తెలియకపోతే చూసిందాన్ని తప్పుగా చదువుతారు.

- బంతి. తోలు బంతి తడిస్తే బరువెక్కేది. దూరం నుంచి కొట్టిన షాట్‌కీ, హెడర్‌కీ అప్పుడు పట్టిన బలం వేరు.
- నేల. బురదలో మొదటి టచ్ శుభ్రంగా ఉందంటే బాల్ కంట్రోల్‌కి ఒకటి రెండు పాయింట్లు కలపొచ్చు.
- ట్యాకిల్స్. పసుపు, ఎర్ర కార్డులు ప్రపంచకప్‌లో 1970లోనే వచ్చాయి. అంతకు ముందు పడగొట్టినా చాలాసార్లు ఆట సాగిపోయేది. ఆ దెబ్బల మధ్య నిలబడ్డవాడి బ్యాలెన్స్‌ని తక్కువగా చూడకండి.
- సబ్‌స్టిట్యూట్లు. ప్రపంచకప్‌లో ఇవి కూడా 1970 నుంచే. 80వ నిమిషంలో నడుస్తూ కనిపించాడంటే అది ఎప్పుడూ బద్ధకమే అనుకోవద్దు. గాయంతోనే ఆడుతూ ఉండొచ్చు.
- బ్యాక్‌పాస్. 1992 దాకా సహచరుడు కాలితో వెనక్కిచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకునేవాడు. ఫార్వర్డ్ వెంటపడలేదంటే లాభం లేకనే.

శరీరానికి సంబంధించిన గడుల్లో (వేగం, స్టామినా, బలం) నా పద్ధతి ఇది: ఆ కాలంలో తన స్థానంలో ఆడినవాళ్లలో అతను ఎన్నోవాడో చూసి, ఈ రోజు గేమ్‌లో అదే వరుసలో ఉన్నవాడి అంకె ఇస్తాను. 1950ల ఆటగాణ్ని నేటి స్టాప్‌వాచ్‌తో కొలిచి 55 వేస్తే గేమ్‌లో అతనితో ఆడటమే కుదరదు. నైపుణ్యం గడులకి మాత్రం ఈ మార్పు చేయను, కంటికి కనిపించిందే వేస్తాను.

ఒకసారి ఇలా సరిచేశాక మళ్లీ "పాపం, బరువైన బంతి కదా" అని ఇంకో మూడు పాయింట్లు కలపొద్దు. ఒకే కారణానికి రెండుసార్లు జీతం ఇచ్చినట్టవుతుంది.

## 6. కొలబద్దలు పెట్టుకోండి

ఒక్కో గడికి మీ గేమ్‌లో ఇప్పటికే ఉన్న ముగ్గురిని ఎంచుకోండి: ఆ గడిలో అందరికంటే పైన ఉన్నవాడు, మంచి లీగ్ ఆటగాడు, సగటువాడు. అప్పుడు "అతని షాట్ ఎంత?" అన్న ప్రశ్న "పైవాడికంటే మేలా, మధ్యవాడికి దగ్గరా?" అవుతుంది. రెండోదానికి జవాబు చెప్పగలం.

నేను వాడే మెట్లు:

- 95 పైన: ఆ ఒక్క పనికే జనం అతన్ని గుర్తుపెట్టుకున్నారు. ఒక్కో ఆటగాడికి రెండు మూడు గడులకి మించి రావు.
- 88–94: తన తరంలో ముందు వరుస.
- 78–87: పై స్థాయిలో మంచివాడు.
- 65–77: పని నడుస్తుంది.
- 65 కింద: ప్రత్యర్థులు దీన్ని చూసుకునే ప్లాన్ వేస్తారు.

## 7. అంకెలు వేసే వరుస: కింది నుంచి పైకి

అందరూ ఫినిషింగ్‌తో మొదలుపెడతారు. మీరు బలహీనతలతో మొదలుపెట్టండి. ఒకసారి 96 వేశాక మనసు మెత్తబడి, తర్వాతి గడులన్నీ దాని పక్కకే జరుగుతాయి.

మొదట వీక్ ఫుట్, హెడింగ్, డిఫెన్స్. పుష్కాష్ దాదాపు పూర్తిగా ఎడమ కాలి ఆటగాడు. ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీలో వీక్ ఫుట్‌కి ఐదు నక్షత్రాలుంటాయి, నేను రెండే ఇస్తాను. ఈఫుట్‌బాల్‌లో ఎంత తరచుగా వాడతాడు, ఎంత సూటిగా కొడతాడు అన్నవి వేర్వేరు గడులు. అక్కడ వాడకాన్ని అట్టడుగున పెట్టండి. గేమ్‌లో అతను ఎడమవైపు తిప్పుకోవడానికి అర సెకను తీసుకుంటేనే అతను పుష్కాష్.

పొట్టివాడు కదా అని చూడకుండానే హెడింగ్ తగ్గించకండి. 1.70 మీటర్లు కూడా లేని గరించా 1962 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో ఇంగ్లండ్ మీద కార్నర్ నుంచి తలతో గోల్ కొట్టాడు. అలాగని ఒక్క గోల్‌కి 85 కూడా రాదు.

తర్వాత వేగం, శరీరం. యాక్సిలరేషన్, స్ప్రింట్ స్పీడ్ విడివిడిగా వేయండి. గెర్డ్ ముల్లర్‌ని చూస్తే తేడా తెలుస్తుంది. 1974 ప్రపంచకప్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద గెలుపు గోల్ చూడండి: బంతి కొంచెం వెనకపడుతుంది, రెండడుగుల్లో తిరిగి తక్కువ ఎత్తులో కొట్టేస్తాడు. 62 అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 68 గోల్స్ కొట్టినవాడు అరమైదానం పరుగుపందెంలో గెలవక్కర్లేదు. యాక్సిలరేషన్ 90, స్ప్రింట్ స్పీడ్ 76, బ్యాలెన్స్ 93 వేస్తేనే ముల్లర్ వస్తాడు. మూడూ 90 వేస్తే మామూలు వింగర్ వస్తాడు.

తర్వాత పాసింగ్, డ్రిబ్లింగ్. గరించాకి డ్రిబ్లింగ్ 97 వేయడానికి ఎవరూ సందేహించరు. కానీ అతను ఎక్కువగా కుడివైపు బయటికే వెళ్లేవాడు, అది డిఫెండర్‌కి తెలిసినా ఆపలేకపోయేవాడు. ఆ అలవాటుని ఏ అంకే చూపించలేదు. ప్లేయింగ్ స్టైల్, పొజిషన్ గడుల్లోనే అది రావాలి. మధ్యలో ఆడగల పొజిషన్లన్నీ టిక్ చేశారంటే గరించా పోయినట్టే.

చివర షూటింగ్. ఫినిషింగ్, షాట్ పవర్, లాంగ్ షాట్స్ మూడింటికీ వేర్వేరు క్లిప్‌లు ఉండాలి.

ఓవరాల్‌ని (మొత్తం రేటింగ్‌ని) ముట్టుకోవద్దు. చాలా గేముల్లో అది పొజిషన్‌ని బట్టి దానంతటదే వస్తుంది. అనుకున్న 94కి బదులు 89 వచ్చిందని జంపింగ్, అగ్రెషన్ పెంచి పైకి లాగకండి. 89 రానివ్వండి.

గోల్‌కీపర్లకి రెండు మాటలు. పాత కీపర్ల బ్యాక్‌పాస్ ఆట చూసి కాలి నైపుణ్యం అంచనా వేయకండి. సోవియట్ కీపర్ లెవ్ యాషిన్ లాంటివాడైతే గీత వదిలి ముందుకు రావడం, పిడికిలితో కొట్టడం, చేత్తో దూరం విసరడం ముఖ్యం. గేమ్‌లో విసరడానికి వేరే గడి లేదా ట్రెయిట్ ఉందేమో వెతకండి. కిక్కింగ్ పెంచి సరిపెట్టకండి.

## 8. నమూనా షీట్: ఇద్దరు పుష్కాష్‌లు

ఇవి నా అంచనాలు. ముందు 1953, తర్వాత 1960.

- వీక్ ఫుట్ (ఐదు నక్షత్రాల్లో): 2, 2
- హెడింగ్: 64, 62
- జంపింగ్: 60, 55
- డిఫెన్సివ్ అవేర్‌నెస్: 38, 30
- యాక్సిలరేషన్: 85, 74
- స్ప్రింట్ స్పీడ్: 80, 67
- స్టామినా: 82, 68
- బలం: 72, 78
- బ్యాలెన్స్: 88, 84
- బాల్ కంట్రోల్: 94, 94
- డ్రిబ్లింగ్: 91, 86
- షార్ట్ పాస్: 89, 90
- విజన్: 90, 92
- షాట్ పవర్: 93, 93
- లాంగ్ షాట్స్: 92, 91
- ఫినిషింగ్: 94, 96

బాల్ కంట్రోల్, షాట్ పవర్ కదల్లేదు. కాళ్లు తగ్గాయి, కన్ను పెరిగింది. రెండు షీట్ల మధ్య మీకు ఇలాంటి తేడా కనిపించకపోతే మొదటి మెట్టుకి వెళ్లండి.

## 9. గేమ్‌లో పెట్టి చూడండి

మీరు ఆడకండి. కంప్యూటర్‌కి అప్పగించి కూర్చుని చూడండి. మన చేతిలో ఉంటే ఎవరైనా మన అలవాట్లతోనే ఆడతారు. ఐదారు మ్యాచ్‌లు నడిపి ఇవి గమనించండి:

- బంతి ఎక్కడ అందుకుంటున్నాడు? వీడియోలో చూసిన చోటేనా?
- కుడివైపు బంతి పడితే ఎడమకి తిప్పుకుంటున్నాడా?
- కార్నర్లలో హెడర్లు గెలుస్తున్నాడా? గెలిస్తే ముందు జంపింగ్ తగ్గించండి, తర్వాత హెడింగ్.
- చివరి ఇరవై నిమిషాల్లో అలసట కనిపిస్తోందా?
- మామూలు డిఫెండర్ అతన్ని ఒక్కసారైనా ఆపగలుగుతున్నాడా?

ఒకసారికి ఒక్క గడే మార్చండి. ఐదు గడులు ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

గోల్స్ లెక్క చూసి ఫినిషింగ్ వేయడం. పుష్కాష్ హంగరీకి 85 మ్యాచ్‌ల్లో 84 గోల్స్ కొట్టాడు. నిజమే, కానీ ఎన్ని అవకాశాల్లో కొట్టాడో ఆ అంకె చెప్పదు. పోగొట్టుకున్నవి కూడా కనిపించే పూర్తి మ్యాచ్‌లోనే లెక్కపెట్టండి.

జట్టు గొప్పతనాన్ని ఆటగాడికి రాసేయడం. 1953 వెంబ్లీ మ్యాచ్‌లో హంగరీ సెంటర్‌ఫార్వర్డ్ హిదెగ్కుటి వెనక్కి దిగి ఇంగ్లండ్ సెంటర్‌హాఫ్‌ని (మధ్య డిఫెండర్‌ని) అయోమయంలో పడేస్తే, ఆ ఖాళీ పుష్కాష్‌కి దొరికింది. దాన్ని పుష్కాష్ పొజిషనింగ్ గడిలో మొత్తం వేయకండి.

అన్నీ 90 దాటడం. షీట్‌లో అన్నిటికంటే తక్కువ ఐదు గడులు చూడండి. అవి 70 పైన ఉంటే ఏదో దాచారు.

స్నేహితులతో వాదనకి దిగి అంకె మార్చడం. "ఇంత తక్కువా?" అన్నవాళ్లని క్లిప్ అడగండి. చూపిస్తే మార్చండి, చూపించకపోతే అలాగే ఉంచండి.

గేమ్ కొత్త వెర్షన్‌లోకి పాత అంకెలు అలాగే ఎక్కించడం. ఏటా కొలబద్దలు కదులుతాయి. మీరు ఎంచుకున్న ముగ్గురి అంకెలు ముందు చూసుకుని, వాళ్లు ఎంత కదిలితే మీ ఆటగాణ్నీ అంతే కదపండి. ఇందుకోసమే షీట్‌లో ప్రతి గడి పక్కన కొలబద్ద పేరు, క్లిప్‌లో నిమిషం, "క, ఖ, గ" గుర్తు రాసి ఉంచుకోవాలి. వచ్చే ఏడాది పని అరగంటలో తేలిపోతుంది.